స్కానింగ్ సెంటర్ కౌంటర్లో “ఇద్దరూ ఆడపిల్లలేనా?” అని అందరి ముందూ అడగడం చట్టమా, పైత్యమా?

బత్తాయి_తోట
మాది మిర్యాలగూడ పక్క పల్లె. మూడో కాన్పు, ఐదో నెల నడుస్తోంది. మొన్న టిఫా స్కానింగుకు (బిడ్డ అవయవాలన్నీ చూసేది) వెళ్లాం. ఏ సెంటరో చెప్పను, ఆ గొడవ నాకు వద్దు.

కౌంటర్లో కుర్రాడు ఒక ఫారం ముందు పెట్టుకుని అడుగుతూ రాసుకుంటున్నాడు. పేరు, వయసు, భర్త పేరు, ఊరు, ఆధార్. సరే. పిల్లలెంతమంది అన్నాడు. ఇద్దరు అన్నాను. ఆడా మగా అన్నాడు. ఇద్దరూ అమ్మాయిలే అన్నాను. పెన్ను ఆపి, తలెత్తి, వెనక గోడ దాకా వినపడేలా “ఇద్దరూ ఆడపిల్లలేనా?” అన్నాడు. కుర్చీల్లో పదిహేను మంది ఉంటారు. వాళ్లలో ఒక పెద్దావిడ “అయ్యో” అంది. బస్సెక్కి ఇంటికి వచ్చినా ఆ అయ్యో నన్ను వదల్లేదు.

తర్వాత, పుట్టబోయేది ఎవరో తెలుసుకోవాలని నాకు లేదని రాసి ఉన్న చోట సంతకం పెట్టించారు. నేను అడిగానా? లోపల డాక్టరమ్మ తెరను నాకు కనపడకుండా తిప్పుకున్నారు. బిడ్డ చెయ్యి ఒక్కసారి చూపించమంటే “అవన్నీ కుదరవమ్మా” అన్నారు. దొంగతనానికి వచ్చిన మనిషిని చూసినట్టు చూశారు.

ఇవన్నీ అడగాలని నిజంగా రూలు ఉందా? లేక వాళ్లు సొంతంగా పెట్టుకున్నవా? తెలిసినవాళ్లు చెప్పండి.

కందిచేను
నాకు ఒక్క కూతురే. ఆ ఫారం రాసేటప్పుడు “మొదటిది అమ్మాయా, అయితే ఈసారి బాబే లెండి” అని దీవించి పంపించారు. ఎవరు అడిగారయ్యా నీ దీవెన!

నల్లమల_గాలి
రూలు లేదనుకుంటాను. మా అచ్చంపేట వైపు మా చెల్లెలికి ఆధార్ ఒక్కటే అడిగారు.

రేడియో_డాక్టర్
ఉమ్మడి నల్గొండలో పద్దెనిమిదేళ్లుగా స్కానింగ్ డాక్టర్‌గా పని చేస్తున్నాను కాబట్టి నేను చెబుతాను. నల్లమల గారూ, రూలు ఉంది. మీ చెల్లెలి దగ్గర ఆ వివరాలు అడగకుండా వాళ్లే నింపేసి ఉంటారు. అది ఇంకా పెద్ద తప్పు.

కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదనే చట్టం (పీసీపీఎన్‌డీటీ) ఒకటి ఉంది, దాని కింద నింపే ఆ కాగితాన్ని ఫారం ఎఫ్ అంటారు. ఉన్న పిల్లల్లో మగ ఎంతమంది, ఆడ ఎంతమంది, వాళ్ల వయసులు ఎంత అనే గడులు అందులో అచ్చు వేసే ఉంటాయి. ఏ డాక్టర్ పంపారు, ఎందుకు స్కానింగ్ చేస్తున్నాం, ఏం కనపడింది అన్నీ రాయాలి. కింద గర్భిణి సంతకం ఉంటుంది. దాని కిందే, ఆడో మగో ఎవరికీ ఏ విధంగానూ చెప్పలేదని నా సంతకం ఉంటుంది. ఆ కాగితాలు రెండేళ్లు దాచాలి. ప్రతి నెలా 5వ తేదీలోగా జిల్లా అధికారికి లెక్క పంపాలి. ఒక గడి ఖాళీ వదిలినా నేరం కిందే లెక్క. గుమాస్తా మరిచిపోయాడంటే కుదరదు. దీని మీద గైనకాలజిస్టుల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫారం సరిగా నింపకపోవడం చిన్న పొరపాటు కాదని 2019లో కోర్టు తేల్చింది. రుజువైతే మూడేళ్ల దాకా జైలు, 10 వేల దాకా జరిమానా. ఆ కుర్రాడి కంగారు అక్కడి నుంచి వచ్చింది.

కానీ గొంతు పెంచి అడగాలని ఏ చట్టంలోనూ లేదు. మా దగ్గర ఆ ఫారం గర్భిణి చేతికే ఇస్తాం, చదువు రానివాళ్లకు పక్కగదిలో సిస్టర్ రాసి పెడుతుంది. తెర విషయమూ అంతే. లింగం చెప్పకూడదంటుంది చట్టం. బిడ్డ చెయ్యి చూపించకూడదని అనదు. మేము భయంతో మొత్తం తెరనే తిప్పేసుకుంటున్నాం. ఆ తప్పు మాది, ఒప్పుకుంటాను.

బత్తాయి_తోట
డాక్టర్ గారూ, రూలేనని తెలిశాక కోపం సగం తగ్గింది. మిగతా సగం ఆ పెద్దావిడ మీద.

కృష్ణాతీరం
రూలు ఉండి ఏం లాభం? 1994 నుంచి ఈ చట్టం ఉంది. ఊరూరా బోర్డులు వేలాడుతున్నాయి. తెలుసుకోవాలనుకున్నవాడు తెలుసుకుంటూనే ఉన్నాడు. నష్టపోయేది మాత్రం ఒక గడి వదిలేసిన డాక్టరు, అవమానపడేది బత్తాయి అక్క లాంటివాళ్లు. ఇది కాగితాల చట్టం.

పాలమూరు_బాటసారి
అసలు ఇన్ని స్కానింగులు ఎందుకు? మా అమ్మ ఏడు కాన్పులు ఇంట్లోనే కన్నది. మంత్రసాని వచ్చేది, నూనె రాసి పొట్ట తడిమి “ఎదురు కాళ్లుంది, రేపటికి తిరుగుతుంది” అని చెప్పేది. ఇప్పుడు నెలకొకటి, ప్రతిదానికి వెయ్యి రూపాయలు. ఉమ్మనీరు తగ్గిందట, మెడకు పేగు చుట్టుకుందట, వెంటనే పెద్ద ఆపరేషన్ అట. ఇది వ్యాపారం కాకపోతే ఇంకేమిటి?

రిటైరైన_ఏఎన్ఎం
బాటసారి తమ్ముడూ, మీ అమ్మ ఏడుగురిని కన్నది సరే. ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?

పాలమూరు_బాటసారి
నలుగురం.

రిటైరైన_ఏఎన్ఎం
నిన్ను బాధపెట్టాలని అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆరోగ్య కార్యకర్తగా ఊళ్లు తిరిగాను, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఇప్పుడు నారాయణపేట, వనపర్తి కిందికి పోయిన ఊళ్లు. ఆ “ఏడు కన్నది” లెక్క ప్రతి ఇంట్లో వినేదాన్ని. నేను రెండో లెక్క కూడా అడిగి రాసుకునేదాన్ని.

ఆపరేషన్ల గురించి నువ్వన్నది కొట్టిపారేయను. కేంద్రం చేసిన 2019–21 ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, దేశంలోనే మనది మొదటి స్థానం. ప్రైవేటులో అయితే 81.5. అందులో ముహూర్తం పెట్టించుకుని కోయించుకునేవాళ్లు ఉన్నారు, డాక్టర్ల తొందర ఉంది. స్కానింగ్ రిపోర్టును చూపించి భయపెట్టడమూ ఉంది. కానీ ఆ పాపం మొత్తం యంత్రం నెత్తిన రుద్దితే ఎలా?

రేడియో_డాక్టర్
మెడకు బొడ్డుతాడు చుట్టుకోవడం చాలామంది బిడ్డలకు మామూలు. అదొక్కటే కనపడితే ఆపరేషన్ చేయాల్సిన పని లేదు. రిపోర్టులో అది రాస్తే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు, రాయకపోతే రేపు నా మీదికి వస్తారు. మధ్యలో నేను.

నల్లమల_గాలి
నా తరఫున ఒక్క మాట. 2021లో మా చెల్లెలికి ఆరో నెలలో మాయ కిందికి, గర్భసంచి మూతి మీద ఉందని స్కానింగ్‌లో తేలింది. బరువులు ఎత్తవద్దు, నెలలు నిండకముందే పెద్దాసుపత్రి దగ్గర్లో ఉండండి అన్నారు. ఎనిమిదో నెలలోనే మహబూబ్‌నగర్లో గది అద్దెకు తీసుకుని ఉంచాం. రక్తం రాత్రి రెండింటికి మొదలైంది. ఆటోలో పది నిమిషాల్లో ఆసుపత్రి. తల్లీబిడ్డా బాగున్నారు.

మా చిన్నమ్మకు 1984లో సరిగ్గా ఇదే జరిగిందని మా అమ్మ అనుకుంటుంది. అప్పుడు చూసే యంత్రం లేదు. ఎడ్లబండి మీద అచ్చంపేట దారి పట్టారు. సగం దారిలో బండి వెనక్కి తిప్పారు.

పాలమూరు_బాటసారి
సరే అన్నా. ఒకటి రెండు కావాలి, ఒప్పుకుంటున్నాను. నెలకొకటి వద్దు అంటున్నాను.

రేడియో_డాక్టర్
దాంట్లో నేను మీతోనే ఉన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 సూచన ప్రకారం 24 వారాల లోపు ఒక స్కానింగ్ చేయించాలి. ఏ ఇబ్బందీ లేని కాన్పుకు మూడో నెల లోపల ఒకటి, ఐదో నెలలో ఒకటి, చివర్లో అవసరమైతే ఇంకొకటి. అంతే చాలు.

గద్వాల_అంచు
మధ్యలో ఒక సందేహం. నా మూడు రిపోర్టుల్లో కాన్పు తేదీలు మూడు రకాలుగా ఉన్నాయి. ఒకటి ఫిబ్రవరి 9, ఒకటి 17, ఒకటి మార్చి 1. మా అత్తయ్య పంచాంగం తీసుకుని మూడింటికీ నక్షత్రాలు చూసి పెట్టారు. ఏది నమ్మాలి?

రేడియో_డాక్టర్
మొదటిది. తొలి మూడు నెలల్లో పిండాన్ని తల నుంచి పిరుదుల దాకా కొలిస్తే అందరిదీ దాదాపు ఒకే పెరుగుదల, అందుకే తేడా వారానికి మించదు. ఈ కొలత 1973లో గ్లాస్గో నుంచి వచ్చింది. ఆఖరి నెలల్లో కొలిస్తే తల్లిదండ్రుల పోలిక, తిండి, ఆరోగ్యం అన్నీ కలుస్తాయి. మూడు వారాల తేడా కూడా రావచ్చు. తర్వాతి స్కానింగ్ బిడ్డ ఎంత పెరిగిందో చూడటానికే, తేదీ మార్చడానికి కాదు.

రిటైరైన_ఏఎన్ఎం
తేదీలంటే గుర్తొచ్చింది. మా ఊళ్లలో సగం మంది ముంబై, పుణె పనులకు వెళ్లేవాళ్లు. అక్కడ స్కానింగూ లేదు, కార్డూ లేదు. ఎనిమిదో నెలలో బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఆఖరి నెలసరి ఎప్పుడమ్మా అంటే తేదీ ఎవరికి తెలుసు? “బతుకమ్మకు ముందా, తర్వాతా?” అని మొదలుపెట్టేదాన్ని. “సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు తల స్నానం చేశాను” అంటే పంట పండినట్టే. “పీర్ల పండుగ అయినాక” అంటే మాత్రం నా తల తిరిగేది. ఆ పండుగ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. కొత్తగా వచ్చిన డాక్టరు బాబు నా రిజిస్టర్లో “పీర్ల పండుగ + 6” అని చూసి ఇదేం లెక్కమ్మా అన్నాడు. అలాంటి వాళ్లకు చివర్లో ఒక్క స్కానింగ్ చేయిస్తే డాక్టర్ గారన్న మూడు వారాల తేడా ఉండనే ఉంటుంది. నా బతుకమ్మ లెక్క చాలాసార్లు దానికంటే దగ్గరగా ఉండేది, గొప్పలకు చెప్పడం లేదు.

కందిచేను
“పీర్ల పండుగ + 6” అని నా కూతురికి ముద్దుపేరు పెట్టేస్తాను.

పాత_సైన్సు_మాస్టారు
గ్లాస్గో పేరు వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను. ఈ యంత్రం మొదట కడుపుల కోసం పుట్టలేదు, ఇనుము కోసం పుట్టింది.

ఇంగ్లండుకు ఉత్తరాన స్కాట్లండులో గ్లాస్గో ఓడలు కట్టే ఊరు. ఉక్కు అతుకుల్లో లోపల పగుళ్లు ఉంటే పైకి కనపడవు. చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి పగులు ఎక్కడుందో పట్టేవాళ్లు. బావిలోకి అరిచి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడటం లాంటిదే, పాలమూరు బావుల దగ్గర పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇయన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు యుద్ధకాలంలో వైమానిక దళంలో పని చేసి రాడార్, సోనార్ సంగతులు తెలిసినవాడు. 1955లో ఆయన ఆపరేషన్లలో తీసిన గడ్డలను కారు డిక్కీలో వేసుకుని బాయిలర్లు తయారు చేసే ఫ్యాక్టరీకి పోయాడు. పోల్చి చూడటానికి ఫ్యాక్టరీవాళ్లు ఒక పెద్ద మాంసం ముక్క తెచ్చి పెట్టారు. నీటి తిత్తి ఒక రకంగా, గట్టి గడ్డ ఇంకో రకంగా ప్రతిధ్వని ఇచ్చాయి. అదీ ఆరంభం.

తర్వాత టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజినీరు, జాన్ మెక్‌వికార్ అనే వైద్యుడు ఆయనతో కలిశారు. అప్పట్లో ఒకామెకు కడుపు ఉబ్బి, నయం కాని క్యాన్సర్ అని చేతులెత్తేశారు. ఈ యంత్రం పెట్టి చూస్తే పెద్ద నీటి తిత్తి అని తేలింది. ఆపరేషన్ చేసి తీసేశారు, ఆమె బతికింది. ఆ తర్వాత డొనాల్డ్‌ను చూసి నవ్వేవాళ్లు నవ్వడం మానేశారు. 1958 జూన్ 7న ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది. గర్భంలోని బిడ్డ తల ప్రతిధ్వని బొమ్మ లోకం అందులో చూసింది.

అంతకుముందు ఎక్స్‌రే తీసేవాళ్లు. గర్భిణికి ఎక్స్‌రే తీస్తే పుట్టిన బిడ్డలకు క్యాన్సర్ ముప్పు పెరుగుతోందని ఆలిస్ స్టువర్ట్ అనే డాక్టరమ్మ 1956లో బయటపెట్టింది. ఆమె మాట అంగీకరించడానికి వైద్యలోకానికి చాలా ఏళ్లు పట్టింది. శబ్దంతో చూసే పద్ధతికి ఆదరణ రావడానికి అదీ ఒక కారణం.

కందిచేను
మాస్టారూ, ఆ మాంసం ముక్కను తర్వాత ఏం చేశారు?

పాత_సైన్సు_మాస్టారు
చరిత్రలో రాయలేదు నాయనా. మధ్యాహ్న భోజన సమయమై ఉంటుందని నా అనుమానం.

గద్వాల_అంచు
ఆ జిగురు ఎందుకు పూస్తారు? చలికాలం పొద్దున్నే పొట్ట మీద మంచుగడ్డ పెట్టినట్టు ఉంటుంది.

రేడియో_డాక్టర్
చర్మానికీ పరికరానికీ మధ్య వెంట్రుకంత గాలి ఉన్నా శబ్దం మొత్తం అక్కడి నుంచే వెనక్కి వచ్చేస్తుంది, లోపలికి పోదు. ఆ గాలిని తీసేయడానికే జెల్. చెవికి వినపడేది సెకనుకు 20 వేల కంపనాల దాకా, మేము వాడేది 35 లక్షల దరిదాపుల్లో. ఎక్స్‌రే లాంటి కిరణాలేవీ ఉండవు. చలి గురించి ఫిర్యాదు న్యాయమే, సీసాను వేడినీళ్లలో పెట్టమని సిస్టర్‌కు చెబుతాను.

వేప_చెట్టు_కింద
నా భార్యకు 16 వారాలు. రిపోర్టులో ప్లాసెంటా (మాయ) పోస్టీరియర్ (వెనక వైపు) అని, గుండె 148 అని ఉంది. పోస్టీరియర్ అంటే బాబు, గుండె 140 దాటితే పాప అంటున్నారు. రెండూ కలిసి ఉంటే ఏమిటి అర్థం? కచ్చితంగా చెప్పే చోటు ఎవరికైనా తెలిస్తే

వేదిక_నిర్వాహకుడు
పై పోస్టులో చివరి వాక్యం సగంలో తొలగించాను. ఎక్కడ చెబుతారని అడగడమూ, చెప్పడమూ ఈ వేదికలో నిషేధం. ఇంకోసారి అడిగితే ఖాతా మూసేస్తాను.

రేడియో_డాక్టర్
వేప చెట్టు గారూ, రెండూ కలిసి ఉంటే ఆ రెండూ మామూలుగానే ఉన్నాయని అర్థం, అంతే. మాయ ముందు గోడకు అంటుకుందా, వెనక గోడకు అంటుకుందా అన్నది పిండం ఎక్కడ నాటుకుంటే అక్కడ. గుండె వేగం బిడ్డ కదిలితే పెరుగుతుంది, నిద్రపోతే తగ్గుతుంది. పది నిమిషాల్లో అదే బిడ్డ మీ లెక్కన బాబై, పాపై, మళ్లీ బాబవుతుంది.

ఇంకొకటి. తెలుసుకోవాలని తీసుకెళ్లే భర్తకూ, బంధువులకూ ఈ చట్టంలో శిక్ష ఉంది. మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. గర్భిణి మాత్రం ఇంట్లోవాళ్ల ఒత్తిడితోనే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది, కాదని రుజువైతే తప్ప.

వేప_చెట్టు_కింద
మా అమ్మ అడగమంది సార్. నాకు ఎవరైనా ఒకటే.

బత్తాయి_తోట
ఒకటే అయితే ఆ మాట ఇక్కడ కాదు, మీ అమ్మకు చెప్పండి.

తండా_టీచరు
కృష్ణాతీరం అన్న కాగితాల చట్టం అన్నారు. ఆ కాగితం ఎందుకు వచ్చిందో కొంచెం చెబుతాను.

మన దేశంలో ఇది స్కానింగ్‌తో మొదలుకాలేదు. 1970ల మధ్యలో ఢిల్లీలోని ఎయిమ్స్‌లో జన్యు లోపాలు కనిపెట్టడానికి ఉమ్మనీరు తీసి పరీక్షలు చేశారు. వచ్చినవాళ్లు లోపం సంగతి వదిలేసి ఆడా మగా అని అడగడం మొదలుపెట్టారు. 1978లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో అందుకోసం ఆ పరీక్ష ఆపారు. ప్రైవేటుకు తలుపు తెరిచే ఉంది. ఇప్పుడు కొన్ని వందలు ఖర్చు పెడితే రేపు కట్నం లక్షలు మిగులుతాయన్న అర్థంలో బహిరంగంగా ప్రకటనలు ఇచ్చారు. మహారాష్ట్ర 1988లో మొదట చట్టం చేసింది. 1994లో కేంద్రం చేసింది, 1996 జనవరి నుంచి అమలు. ఈలోగా స్కానింగ్ యంత్రాలు చిన్న పట్టణాలకు వచ్చేశాయి. సూది అక్కర్లేదు, రిపోర్టు అక్కర్లేదు, ఒక్క కనుసైగ చాలు. చట్టం కాగితం మీదే ఉందని 2000లో స్వచ్ఛంద సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్లాకే కదలిక వచ్చింది. 2003లో చట్టాన్ని గట్టిపరిచారు.

ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు దేశంలో 1991లో 945, 2001లో 927, 2011లో 918. మన ఉమ్మడి రాష్ట్రంలో 2001లో 961 ఉన్నది 2011కి 939. పంజాబు, హర్యానా వాళ్ల సంగతిలే అనుకుంటూ మనమూ మెట్లు దిగాం.

ఇంకో సంగతి, ఇది నా కడుపుమంట. నేను దేవరకొండ వైపు తండాలో పుట్టాను. 1990ల చివర, 2000 మొదట్లో మా తండాల్లో ఆడశిశువులను అమ్ముతున్నారని దేశమంతా వార్తలు వచ్చాయి. జరిగింది, కాదనను. నల్గొండ శిశుగృహకు చేరిన పిల్లలు ఉన్నారు. కానీ మా అమ్మమ్మ కాలంలో మాకు ఓలి ఉండేది, పెళ్లికొడుకు వాళ్లే పిల్ల ఇంటికి ఇచ్చేవాళ్లు. కట్నం కింద నుంచి, పట్నం నుంచి మా దగ్గరికి ఎక్కి వచ్చింది. స్కానింగ్ యంత్రం తండాలో లేదు, కొనే శక్తి మాకు లేదు. డబ్బున్నవాళ్లు నాలుగో నెలలో చప్పుడు లేకుండా చేసుకున్నది పేపర్లో రాలేదు. మేము కన్న తర్వాత ఇచ్చేశాం కాబట్టి ఫోటోలతో సహా వచ్చింది.

రిటైరైన_ఏఎన్ఎం
టీచరమ్మ చివరి మాట నేను కళ్లారా చూసిందే. నా రిజిస్టర్లో నాలుగో నెలలో పేరు మాయమైన వాళ్లలో తండావాళ్లు చాలా తక్కువ. “నిలవలేదమ్మా” అనేవాళ్లు. నేను రాసుకునేదాన్ని. అంతకన్నా అడిగేదాన్ని కాదు. అది నా తప్పు.

పాత_సైన్సు_మాస్టారు
ఒక విచిత్రం చెప్పడం మరిచాను. ఆ ఇయన్ డొనాల్డ్ గర్భస్రావాలకు గట్టి వ్యతిరేకి. బ్రిటన్‌లో వాటిని అనుమతించే 1967 చట్టం వచ్చినప్పుడు దానికి ఎదురుగా పోరాడాడు. బిడ్డ బొమ్మను తల్లికి చూపిస్తే ఆమె మనసు మారుతుందని నమ్మినవాడు. 1987లో పోయాడు. అప్పటికే మన దేశంలో ఆయన యంత్రం ఎందుకు పనికొస్తుందో టీచరమ్మ చెప్పింది.

పేరు_చెప్పను
ఈ వేదికలో నాలుగేళ్లుగా వేరే పేరుతో రాస్తున్నాను. ఈ ఒక్క పోస్టు కోసం కొత్త ఖాతా తెరిచాను.

1999. మాకు అప్పటికి ఒక కొడుకు. రెండోసారి నాలుగో నెల. మా నాన్న బతికి ఉన్నారు, ఇంట్లో మాట ఆయనదే. పట్నంలో ఒక చోటికి తీసుకెళ్లాం. డాక్టర్ నోరు తెరవలేదు. బయట సైకిల్ స్టాండ్ దగ్గర కాంపౌండర్ వచ్చి నిలబడి, సిగరెట్ వెలిగించుకుని, “మళ్లీ వారం రండి” అన్నాడు. మగబిడ్డ అయితే రమ్మనడట, ముందే తెలిసినవాళ్లు చెప్పారు. మళ్లీ వారం వెళ్లాం.

నా భార్య ఆ రోజు గాని, తర్వాత గాని ఏమీ అనలేదు. తర్వాత ఇంకో కొడుకు పుట్టాడు.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే గుర్తుందిగా, అందరూ ఇళ్లలో ఉన్న రోజు. సారు వచ్చి మంచం మీద కూర్చుని పిల్లలెంతమంది అన్నాడు. ఇద్దరు అన్నాను. వంటింట్లోంచి ఆమె “ముగ్గురు” అంది. సారు పెన్ను ఆపి నా వైపు చూశాడు. నేను నేల చూశాను. కొంచెంసేపటికి ఆమే బయటికి వచ్చి, “కాదు సారూ, ఇద్దరే రాసుకోండి” అని ఆయన చేతికి టీ గ్లాసు ఇచ్చింది.

బత్తాయి అమ్మా, ఆ కుర్రాడు గట్టిగా అడగడం తప్పే. కానీ ఆ ఫారం నీలాంటివాళ్ల కోసం పెట్టింది కాదు. నాలాంటివాళ్ల కోసం పెట్టింది.

కందిచేను
ఏమనాలో తెలియడం లేదు.

తండా_టీచరు
తిడదామనే మొదలుపెట్టాను, టైపు చేసి చెరిపేశాను. ఆమెకు ఇప్పటికైనా ఏమైనా చెప్పారా?

పేరు_చెప్పను
లేదమ్మా.

కృష్ణాతీరం
నేను కాగితాల చట్టం అన్నమాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ఆ కాంపౌండర్ ఏ ఫారంలోనూ ఉండడు కదా. కానీ ఫారం అక్కర్లేదని మాత్రం ఇక అనను.

రేడియో_డాక్టర్
మా తరానికి ముందు ఆ సైకిల్ స్టాండులు చాలా ఉండేవని మా పెద్దలే ఒప్పుకుంటారు. ఫారంలో ఒక ఉపయోగం ఉంది. ఇద్దరు ఆడపిల్లలున్న తల్లులు ఒకే సెంటరుకు అదేపనిగా వస్తుంటే, తర్వాత వాళ్లకు కాన్పులు జరిగినట్టు రికార్డు లేకపోతే, కాగితాలు పక్కపక్కన పెట్టగానే దొరికిపోతుంది. ఎవరైనా కూర్చుని చదవాలి, అదీ చిక్కు.

హుస్నాబాదు_కాదు_హుజూర్‌నగర్
మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. అక్కడ డాక్టరే చెప్పేస్తాడు. కేకు కోస్తే లోపల గులాబీ రంగు వస్తే పాప, నీలం వస్తే బాబు. వీడియో కాల్‌లో మేమంతా చూశాం. గులాబీ రంగు వచ్చింది. అక్కడున్న స్నేహితులు చప్పట్లు కొట్టారు. ఇక్కడ మా పెద్దమ్మ “కేకు సరిగా ఉడకలేదేమో, ఇంకో వైపు కోయమను” అంది.

గద్వాల_అంచు
మీ పెద్దమ్మకు దండం!

రిటైరైన_ఏఎన్ఎం
2017 జూన్‌లో ప్రభుత్వం సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లులకు కేసీఆర్ కిట్ పథకం మొదలుపెట్టినప్పుడు మగపిల్లాడు పుడితే 12 వేలు, ఆడపిల్ల అయితే 13 వేలు అన్నారు. ఒక ముసలాయన నన్ను పక్కకు పిలిచి “ఆ వెయ్యి ఎందుకమ్మా ఎక్కువ, ఓదార్పుకా?” అన్నాడు. నాకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

బత్తాయి_తోట
రెండు నెలల తర్వాత వస్తున్నాను. పై పోస్టులన్నీ మా ఆయనకు చదివి వినిపించాను, పేరు చెప్పను గారిది మాత్రం వినిపించలేకపోయాను, ఫోను ఆయన చేతికే ఇచ్చాను.

ఈసారి స్కానింగుకు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం. 2022 చివర్లో సర్కారు దవాఖానాలకు కొత్త యంత్రాలు ఇచ్చారు కదా, అలాంటిదే. వరుసలో మూడు గంటలు కూర్చున్నాం, కానీ ఫారం నా చేతికే ఇచ్చారు. పిల్లలు అన్న గడిలో నేనే రాసుకున్నాను: ఆడ 2, వయసు 9, 6. లోపలికి వెళ్లాక డాక్టరమ్మను అడిగాను, చెయ్యి చూపిస్తారా అని. తెర నా వైపు తిప్పి, అదిగో అన్నారు. ఐదు వేళ్లు. గుప్పిట తెరిచి మూసింది. ఒక బొమ్మ ప్రింటు తీసి ఇచ్చారు కూడా. మా పెద్దది దాన్ని బడికి తీసుకెళ్లి క్లాసు మొత్తానికి చూపించింది.

ఇప్పుడు అసలు సందేహం. ఆ కాగితం అప్పుడే అంచుల్లో వెలిసిపోతోంది. లామినేషన్ చేయిస్తే ఆగుతుందా?

రేడియో_డాక్టర్
వద్దు వద్దు! అది వేడి తగిలితే నల్లబడే కాగితం. లామినేషన్ యంత్రంలో పెడితే మొత్తం నల్లగా అయిపోతుంది. ఫోనుతో ఫోటో తీసుకోండి, లేదా జిరాక్స్ తీయించండి.

నల్లమల_గాలి
మా మేనకోడలిది అలాగే తగలబెట్టాం. గ్రహణం ఫోటో అని చెప్పుకుంటున్నాం.

కందిచేను
నా దగ్గర మా అక్కది 2004 నాటిది ఉంది. బొమ్మ మొత్తం తెల్లకాగితమే. వెనక మా అమ్మ పెన్సిలుతో రాసిన పాల లెక్క మాత్రం బాగా కనపడుతుంది.

బత్తాయి_తోట
డాక్టర్ గారూ, కొంచెం ఆలస్యమైంది. పొద్దున్నే మా ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని షాపుకు వెళ్లారు. ఫోను ఎత్తడం లేదు.